ఇంజనుకు సింగారం

పాత ఇల్లు అమ్మేవాడు గోడలకు సున్నం వేయిస్తాడు. ముసలి గేదెను సంతకు తోలేవాడు దాని కొమ్ములకు నూనె రాస్తాడు. పాత కారు అమ్మదలచినవాడు ఏం చెయ్యాలో మొన్న ఎండాకాలం దాకా నాకు తెలియదు. తెలియజెప్పినవాడు మా బావ, అంటే మా చెల్లెలి భర్త.

"బానెట్ ఎత్తంగనే కండ్లు జిగేల్మనాలె బావా. బేరం ఆడ్నే అయిపోతది" అన్నాడు.

కారు మా బాపుది. 1983లో తయారైన అంబాసిడరు. 1985లో ఎవరి దగ్గరో పాతబండిగా కొన్నారు. ఆయన పశువుల డాక్టరు. అప్పట్లో ఉట్నూరులో వుద్యోగం. జీతం చూసుకుంటే మాకు కారు అక్కర్లేదు. అడవి దారులు, వాగులు, అర్ధరాత్రి పిలుపులు చూసుకుంటే కారు లేక గడవదు. అలా అప్పు చేసి కొన్నారు. కలకత్తా పక్కన వుత్తరపారాలో 1957లో మొదలైన ఆ బండి తయారీ 2014లో ఆగిపోయిన సంగతి మీకు తెలిసే వుంటుంది. మా బండి ప్రయాణం కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే ఆగిపోయింది. కారణం వుత్తరపారా కాదు, బాపు కళ్ళు. నీటికాసుల జబ్బు వచ్చి చూపు చుట్టూ ముసురుకుంటూ వచ్చింది. ఒకనాడు ఆయనే తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇగ నాతోని కాదు" అన్నారు. అంతే. కరీంనగర్‌లో మా ఇంటి వెనక రేకుల కింద బండి నిలబడిపోయింది. మొదట దాని మీద గుడ్డ కప్పాం. తరువాత వడ్ల బస్తాలు పెట్టాం. తరువాత ఒక పిల్లి ముందు సీట్లో కాపురం పెట్టింది.

ఇప్పుడేమో పెళ్ళి ఫోటోలకు ఇలాటి బండ్లు కావాలట. హైదరాబాదులో ఒకాయన మంచి ధర ఇస్తానన్నాడని బావ కబురు తెచ్చాడు. బాపునడిగితే, "నీ ఇష్టం రా" అన్నారు. ఆ మాటలో ఇష్టం ఎంత వున్నదో కొలిచే పరికరం నా దగ్గర లేదు. వేసవి సెలవులు. కాలేజీలో పేపర్లు దిద్దడం పూర్తయింది. సరే కానిమ్మన్నాను.

బైపాసు రోడ్డు మీద ఒక షెడ్డు వుంది. అక్కడి మేస్త్రీని వూరంతా చాచా అంటారు, నేనూ అంటాను. డెబ్బయి దాటిన మనిషి. బండిని తాడు కట్టి అక్కడికి ఈడ్చుకుపోయాం. చాచా బానెట్ ఎత్తి, లోపలికి తొంగి చూసి, గడ్డం గోక్కున్నాడు. ఇంజనంతా నల్లటి జిడ్డు. దాని మీద దుమ్ము, దుమ్ము మీద మళ్ళీ జిడ్డు. ఒక మూల ఎలుక గూడు.

"ఏం చేపిస్తరు సార్?"

"రంగులు వేయించి అందంగా చెయ్యాలి చాచా. అమ్మకానికి."

ఆయన బానెట్ దించేశాడు. "అమ్మనీకి రంగేస్తె అది దగా అయితది సార్. ఉంచుకోనీకి ఏస్తె సోకు. మీది ఏది, చెప్పుండ్రి."

తెలుగులో ఎమ్మే చదివి, ఇరవయ్యేళ్ళుగా అలంకారశాస్త్రం చెబుతున్నవాణ్ణి నేను. కావ్యానికి అలంకారం వెలుపలిదా, లోపలిదా అని ఏటేటా పిల్లల చేత అయిదు మార్కులకు జవాబు రాయిస్తాను. ఈ ప్రశ్న ఇంత సూటిగా నన్నెవరూ అడగలేదు. కొంచెం నసిగి, "నూనె కారేది ముందు ఆపండి, ఆ తరువాతే రంగు" అన్నాను. అప్పుడు ఆయన బానెట్ మళ్ళీ ఎత్తాడు.

"పెండ్లిపిల్లకు జెరం ఉన్నదనుకో, గంధం పూస్తె తగ్గుతదా?" అన్నాడు.

జ్వరం ఎక్కడెక్కడ వుందో తేలడానికి రెండు రోజులు పట్టింది. ఇంజను నెత్తిన రేకుమూత ఒకటి వుంటుంది, ట్యాపెట్ కవరంటారు. దాని కింది కార్కు ప్యాకింగు ఎండి అప్పడంలా విరిగిపోతోంది. నూనె కారేది చాలావరకు అక్కడే. పక్క పలకల దగ్గర కొంత. ఇంజను వెనక మాత్రం ఒక చుక్క ఎప్పుడూ కారుతూనే వుంటుందట. ఇది ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు వంశం. ఆ కాలపు ఇంజనుకు వెనక రబ్బరు సీలు పెట్టకుండా, మరచుట్టలాటి గాడి ఒకటి చెక్కి, నూనెను అదే లోపలికి తిప్పి పంపేటట్టు ఏర్పాటు చేశారు. అది కొంత పంపుతుంది, కొంత వదులుతుంది. "ఇది రోగం కాదు సార్, గుణం" అన్నాడు చాచా. కొనేవాడికి ఆ చుక్క సంగతి చెప్పాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

కడగడం మొదలైంది. రంగు పనిలో రంగు వేసేది ఒక వంతయితే, కడిగేది మూడు వంతులని నాకు అర్థమైంది. కార్బురేటరు నోటికి, డిస్ట్రిబ్యూటరుకు ప్లాస్టిక్ సంచులు కట్టారు. కిరసనాయిలు, కుంచె, తీగ బ్రష్షు, పాత చీరగుడ్డలు. ఇనుప భాగాలను కాస్టిక్ సోడా మరిగించిన డ్రమ్ములో వేసి కర్రతో తిప్పారు. కార్బురేటరు మీద గుమ్మటంలాటి అల్యూమినియం మూత వుంది. దాన్ని కూడా వెయ్యమని నేను తొందరపడితే చాచా నా చెయ్యి పట్టుకున్నాడు. కాస్టిక్ సోడా ఇనుమును ఏమీ చెయ్యదు. అల్యూమినియాన్ని మాత్రం పొంగెత్తించి నమిలి పారేస్తుందట. ఆ మూతను ఆయన వుత్త కిరసనాయిలుతో కడిగి, మెత్తటి గుడ్డతో గంటసేపు తుడిచాడు. పెట్రోలు పోయే రాగి గొట్టాలకు మాత్రం చింతపండు. మా అమ్మ బిందెలు తోమిన చింతపండే! నేనే తోమాను. రాగి ఎర్రగా నవ్వింది.

ఆ సరదా మీద షెడ్డులో పనిచేసే కుర్రవాడికి ఒక ఆజ్ఞ ఇచ్చాను. "ట్యాపెట్ కవరు మీద ఒక్క మచ్చ కూడా వుండకూడదు తమ్మీ, గట్టిగా రుద్దు" అని. వాడు మంచివాడు, సారు చెప్పాడు కదా అని తీగ బ్రష్షుతో రుద్దాడు. నేను చాయ్ తాగడానికి రోడ్డవతలికి వెళ్ళాను. రెండు గుక్కలు తాగానో లేదో చాచా కేక వినిపించింది.

"సార్! ఇండ్ల ఏమో రాసున్నది. నాకు వుర్దూ తప్ప రాదు. జర సదువుండ్రి."

జిడ్డు కింద, సన్నటి కుంచెతో, తెల్ల ఎనామిల్ రంగుతో తెలుగు అక్షరాలు! మా బాపు దస్తూరీ. గుండ్రంగా, ఎడమకు కొంచెం వాలుతూ, ఎద్దుల చికిత్స చీటీల మీద చూసిన అదే దస్తూరీ. బండికి ఏం జరిగినా ఆయన బండి మీదే రాసిపెట్టుకున్నారన్న మాట. పై రెండు వరుసలు తీగ బ్రష్షుకు పోయాయి. ఒక తేదీ తోక, ఒక కొమ్ము మాత్రం మిగిలాయి. కింద ఏడు వరుసలు బాగానే వున్నాయి.

"ట్యాపెట్లు సరిచేసితిని. 12-4-87."

"నిర్మల్ ఘాటు. మూడు మార్లు నీళ్లు పోసితిని."

"కేస్లాపూర్ జాతర. ఎడ్ల వైద్యం. బ్యాటరీ ఇచ్చోడలకు ఇయ్యలేదు, తోసిరి."

నాగోబా జాతరకు పుష్యమాసంలో గోండులు బండ్లు కట్టుకుని వస్తారు. ఎడ్లకు వైద్యం కోసం బాపు ఏటా వెళ్ళేవారు. ఎవరు తోశారో, ఎంతమంది తోశారో రాయలేదు. దాని కింద వరుస చదివేసరికి నాకు కాసేపు మాట రాలేదు.

"22-7-88 రాత్రి. గుడిహత్నూరు దాటినంక బెల్టు తెగె. చీర కట్టితిమి. ఆడపిల్ల."

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ముందు సీట్లో కూర్చున్నాను. వాన. వెనక సీట్లో అమ్మ పళ్ళు బిగించి మూలుగుతోంది. ఉట్నూరు నుంచి ఇంద్రవెల్లి మీదుగా ఆదిలాబాదు పోతున్నాం. ఒకచోట బండి ఆగింది, ముందు నుంచి ఆవిరి. బాపు దిగి, తిరిగి వచ్చి, వెనక తలుపు తీసి, అమ్మతో ఏదో చెప్పారు. చీర చరచర చిరిగిన చప్పుడు నాకు ఇప్పటికీ జ్ఞాపకం. ఫ్యాను బెల్టు చోట ఆ చెంగు పేలికను మెలిపెట్టి ముడివేసి, మెల్లమెల్లగా పోనిచ్చి, ఆస్పత్రి చేరాం. ఆ రాత్రి పుట్టిన పిల్లే మా చెల్లెలు. ఆమె మొగుడే ఈ బండి అమ్మించబోతున్న బావ.

కరీంనగర్ వాళ్ళకు కురిక్యాల బొమ్మలగుట్ట కొత్త కాదు. జినవల్లభుడు గుట్ట మీద చెక్కించిన 10వ శతాబ్దపు శాసనంలో తెలుగు కందపద్యాలు వున్నాయి. ఏటా పిల్లలను అక్కడికి తీసుకుపోయి, రాతి మీద చెయ్యి వేసి చూపిస్తాను. వూళ్ళలో గుడి బాగుచేస్తామని శాసనాలకు సున్నం కొట్టేవాళ్ళను, ఎనామిల్ రంగులు పూసేవాళ్ళను తిడుతూ గంటసేపు వుపన్యాసం ఇస్తాను. ఇంతకూ మా ఇంటి శాసనానికి తీగ బ్రష్షు పట్టించినవాణ్ణి నేనే. కుర్రవాడు నా మొహం చూసి భయపడ్డాడు. వాడికి ఇంకో చాయ్ చెప్పించాను.

మిగిలిన ఏడు వరుసలు ఏం చెయ్యాలి? చుట్టూ తుప్పు మొదలైంది, వూరకే వదిలితే రెండేళ్ళలో అక్షరాల కిందికి పాకుతుంది. రంగు పూస్తే అక్షరాలు మునుగుతాయి. వాటి మీద అద్దంలాటి వార్నిష్ కొడితే సరిపోతుందని నేను అన్నాను. చాచా ఒప్పుకోలేదు. కార్లకు కొట్టే లక్క రంగులో, అదే డ్యూకోలో, పడే థిన్నరు ఘాటైనది. పాత ఎనామిల్ మీద పడితే అది ముడతలు పడి లేచిపోతుందట. నేను నమ్మనందుకు, ఒక మూల వున్న సున్నా మీద చుక్క వేసి చూపించాడు. సున్నా ముసలవ్వ చెంపలా ముడతపడింది. నమ్మాను. శాసనంలో ఒక సున్నా అలా ఖర్చయింది.

డ్యూకో అంటే ఇంకో ముచ్చట. ఇది అమెరికాలో కార్ల కోసం 1920లలో పుట్టిన రంగు. అంతకుముందు కారుకు రంగు వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేవట, ఇది గంటల్లో ఆరేది. ఆ రంగే మన నిర్మల్ చేరింది. పొణికి కర్రతో బొమ్మలు చెక్కి, చింతగింజల జిగురుతో లప్పం పెట్టి, పూర్వం ఆకుల రసాలు, ఖనిజాల రంగులు వేసిన చేతులే తరువాత డ్యూకో పట్టుకున్నాయి. మా ఇంట్లో వున్న నిర్మల్ జింకకు, మా కారు తలుపుకు ఒకే వంశపు రంగు! కారు డొక్కలకు పెట్టే ముద్దను కూడా లప్పమనే అంటారు. చాచాకు ఈ సంగతి చెబితే, "మరి జింకకు పెట్రోల్ ఎవరు పోస్తరు?" అన్నాడు.

చివరికి ఆయనే దారి చెప్పాడు. అక్షరాలున్న మేర జానెడు జాగా కాగితం, టేపు అంటించి కప్పేశాడు. చుట్టూ నీళ్ళ కాగితంతో నునుపుగా గీకి, థిన్నరు గుడ్డతో తుడిచి, ఎర్ర ప్రైమరు కొట్టి, ఆపైన అసలు రంగు. అసలు రంగేమిటో డిస్ట్రిబ్యూటరు వెనక గోరంత చోట దొరికింది, పాచిరంగు. ఆ గోరంత చెక్కు పట్టుకుని దుకాణాలు తిరిగి రంగు కలిపించుకొచ్చాను. పొగ గొట్టం దగ్గరి ఇనుముకు మాత్రం ఆ రంగు పనికిరాదు, మొదటి రోజే మాడిపోతుంది. దానికి ఆరువందల డిగ్రీలు తట్టుకుంటుందని డబ్బా మీద రాసివున్న వెండి రంగు కొట్టారు. రేడియేటరుకు పలచటి నలుపు. దట్టంగా కొడితే రెక్కలు పూడి గాలి ఆడదు. అక్షరాల మీది కాగితం తీసి, అక్కడ మాత్రం మేణం సన్నగా రుద్దారు. కొత్త చొక్కాకు పాత జేబు కుట్టినట్టుంది. నేనూ వూరుకోలేదు, చాచా భోజనానికి వెళ్ళిన సమయంలో కింద నల్లటి మూలలు కనపడితే కుంచె పట్టుకుని వాటికి కూడా పచ్చరంగు వేసి మురిసిపోయాను.

తొమ్మిదో రోజు బ్యాటరీ బిగించి తాళం తిప్పాం. టిక్కుమన్నది. మళ్ళీ తిప్పాం. టిక్కు. బ్యాటరీ కొత్తది, స్టార్టరు మంచిది. చాచా అరగంట వెతికి, కింద వంగి, పైకి లేచి నన్ను చూశాడు.

"ఈ మూలకు రంగు ఎవరు ఏసిండ్రు?"

ఇంజను నుంచి చట్రానికి పోయే రాగి అల్లిక తీగ ఒకటి వుంటుంది. కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి అది. ఆ రాగి ఇనుమును తాకేచోట రంగు పడకూడదు. నేను మరను వదులు చేసి మరీ దాని కింద పూసి, మళ్ళీ బిగించాను, శ్రద్ధగా. చాచా చిన్న చాకుతో అక్కడ గీకాడు. ఈసారి ఇంజను ఒకసారి దగ్గి, పిల్లి గూటి దుమ్మంతా చిమ్మి, అందుకుంది. కాసేపటికి కొత్త రంగు కాగి పొగ లేచింది. నేను ఫైరింజనుకు ఫోను చెయ్యబోతే, "కాగనీయుండ్రి, కాగితేనే గట్టిపడతది" అన్నాడు.

హైదరాబాదు ఆయన మరునాడే వచ్చాడు. బానెట్ ఎత్తాడు. బావ అన్నట్టే కళ్ళు జిగేల్మన్నాయి. వెనక చుక్క సంగతి చెప్పాను, పట్టించుకోలేదు. "ఈ మధ్యల ఈ మాసిక ఏంది? ఈ కవరు మార్చిస్తే పదివేలు ఎక్కువ పెడతా" అన్నాడు. నేను జవాబు వెతుక్కుంటూ వుండగా, వెనక నుంచి బావ ఆ వరుస చదివాడు. పైకే చదివాడు, మెల్లగా. "ఆడపిల్ల" దగ్గర ఆగాడు. తేదీ మళ్ళీ చూశాడు. తరువాత ఆయన్ని పక్కకు తీసుకుపోయి ఏం చెప్పాడో నాకు తెలియదు, ఆ వచ్చినాయన చాయ్ తాగి వెళ్ళిపోయాడు. బావ రాత్రి దాకా నాతో బేరం మాట ఎత్తలేదు. ఇప్పటిదాకా కూడా ఎత్తలేదు.

బండిని ఇంటికి నేనే నడుపుకుని వచ్చాను. బాపు వరండాలో కూర్చున్నారు. చప్పుడు దూరం నుంచే గుర్తుపట్టినట్టున్నారు, గేటు తీసేసరికి లేచి నిలబడ్డారు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి బానెట్ ఎత్తాను. రంగులు ఆయనకు కనపడవు. "పచ్చరంగు బాపూ, మొదట వున్నదే" అన్నాను. తల వూపారు. సాయంత్రం, ఇంజను చల్లారాక, మళ్ళీ అడిగి వచ్చి మూత మీద చెయ్యి పెట్టారు. ఎనామిల్ అక్షరాలు రేకు మీద కొంచెం పైకి లేచి వుంటాయి, నేను గమనించలేదు. ఆయన చూపుడు వేలు ఎడమ నుంచి కుడికి నిదానంగా పోతోంది. జాతర దగ్గర పెదవి కొంచెం కదిలింది. కింద వరుస దగ్గర చాలాసేపు ఆగింది. మళ్ళీ పైకి వచ్చి, కొత్త రంగు నునుపు మీద అటూ ఇటూ వెతికింది.

"పైన ఇంక రెండు వరుసలుండాలె గద రా?"

చెప్పాను. తీగ బ్రష్షు సంగతి, నా ఆజ్ఞ సంగతి, అంతా.

"ఒకటి బండి కొన్న దినం" అన్నారు. "రెండోది..."

వేలు ఆ నునుపు మీదే వుంది. చీకటి పడుతోంది, వంటింట్లోంచి నా భార్య భోజనానికి పిలుస్తోంది.

"యాదికొస్త లేదు. బానెట్ మెల్లగ వెయ్యి, రంగు ఇంక పచ్చిగనే ఉన్నది" అన్నారు.